వాడని కార్డు, వ్రాయించుకొనవలసిన రశీదు

నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణాకు తహసీల్దారై, సర్కారు పైకమును భద్రగిరి రాముని కోవెలకు వెచ్చించినందులకు గోలకొండ చెరసాల పాలైన కంచెర్ల గోపన్న గాథ మన ప్రాంతమున పసివారికిని తెలిసినదే. రామలక్ష్మణులు మారువేషములతో గోలకొండ సుల్తాను తానీషా కడకు వచ్చి, ఆరు లక్షల మొహరీలు కుమ్మరించి, అంతటితో మరలిపోక, పైకము ముట్టినదని రశీదు వ్రాయించుకొని దానిని గోపన్నకు చేర్చిరని పెద్దలు చెప్పుదురు. బాకీ తీర్చ వచ్చిన దేవుడు సైతము రశీదు లేనిదే కదలలేదని చెప్పిన ఆ కథకుల లోకజ్ఞత మిక్కిలి విలువైనది. వాడని క్రెడిట్ కార్డును ఉంచుకొనవలెనా, మూసివేయవలెనా యని ఖమ్మము మొదలు భద్రాచల మన్నెము వరకు నేడు పలువురు అడుగుచున్న ప్రశ్నను తలచినప్పుడెల్ల నాకు ఆ రశీదే స్ఫురించుచున్నది.

తెలుగువారికి ఈ కార్డు నిన్నమొన్నటి వింత కాదు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డుల నిచ్చి, దేశమున ఈ మార్గము తొక్కిన తొలి బ్యాంకులలో నొకటిగా పేరొందినది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకే యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నాడు కొలదిమంది పట్టణవాసుల చేతనుండిన కార్డు నేడు కొత్తగూడెము బొగ్గుగనుల కార్మికుని, పాల్వంచ విద్యుత్కేంద్రపు ఉద్యోగిని, సారపాక కాగితపు మిల్లు పనివానిని ఫోనులో వెదకికొనుచు వచ్చుచున్నది. మొదటి యేడు రుసుము లేదను మాటకు సరేయన్నవారి బీరువాలలో కవరు విప్పని కార్డులు పడియున్నవి.

పట్టణములలోని సలహాదారులు సాధారణముగా మూయవద్దందురు. వారి వాదము నిరాధారము కాదు. సిబిల్ వంటి సంస్థలు మన రుణయోగ్యతను 300 నుండి 900 వరకు లెక్కగట్టు స్కోరునందు, మనకున్న మొత్తము పరిమితిలో ఎంత భాగము వాడుచున్నామను దానికి ప్రాధాన్యము గలదు. లక్ష రూపాయల పరిమితిగల కార్డొకటి, 50,000 రూపాయలది మరియొకటి గల గృహస్థు నెలకు 40,000 వాడినచో, అది మొత్తములో నాలుగవ వంతునకు కొంచెము మించును. వాడక పడియున్న లక్ష రూపాయల కార్డును మూసిన పిమ్మట అదే 40,000 మిగిలిన పరిమితిలో 80 శాతమగును. ఖర్చు పెరుగకున్నను, రాబడి తగ్గకున్నను, స్కోరు పడిపోవచ్చును. ఇంటి రుణమునకో, బిడ్డ చదువుకో త్వరలో బ్యాంకు మెట్లెక్కవలసిన వారికి ఇది అల్పవిషయము కాదు.

అయితే ఈ సలహాయంతయు, వాడని కార్డు ఊరక పడియుండునను నమ్మకముపై నిలిచియున్నది. ఊరక పడియుండదు, దానిని ఏడాది పొడవునను ఎవరో ఒకరు కనిపెట్టి యుండవలెను, ఆ కాపలా నగరమున సులభము, అడవి అంచున దుర్భరము. చింతూరు ఆవల ఆశ్రమ పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయుని తలచుకొనుడు: భద్రాచలమున నున్ననాడు తీసికొన్న కార్డు పెట్టె అడుగున నున్నది, నాటి సిమ్ము మారినది, బిల్లు సందేశము పాత నంబరునకు పోవుచున్నది, సిగ్నలు కొరకు బడి విడిచి మిట్టపైకెక్కి నిలుచున్నను ఓటీపీ చేరుసరికి దాని గడువు దాటిపోవును. చిరునామాయైనను స్థిరమా? కూనవరము వాసి 2014 వరకు ఖమ్మం జిల్లావాడు, ఆ యేట తూర్పు గోదావరివాడయ్యెను, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లావాడయ్యెను. ఇల్లు కదలకయే చిరునామా కదలినది. పోలవరము ముంపున ఇల్లును కదలినవారి మాట చెప్పనేల? 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు తీరపు ఇండ్లలో తడిసి పాడైన సామానులతో పాటు బ్యాంకు కాగితములును పోయినవి.

ఇట్లు జాడ తప్పిన కార్డుపై రెండవ యేట 500 రూపాయల రుసుము పడినదనుకొందము. 18 శాతము జీఎస్టీతో అది 590 అగును; గడువు దాటినందులకు జరిమానా, ఆపై నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడిన వడ్డీ. ఊరిలో మూడు రూపాయల వడ్డీయనినంతనే ఉలికిపడు మనవారు ఈ వడ్డీని చూడనైన చూడరు. కంటికి కానరాని పద్దు పెరుగుట ఈ మన్నెమునకు కొత్త కాదు. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారమును కట్టడి చేయుటకు 1960లోనే ప్రత్యేక నిబంధనలు రావలసివచ్చెను.

2022 జూలై 1 నుండి అమలునకు వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము, ఏడాదికి మించి వాడని కార్డును ఖాతాదారునకు తెలిపి మూసివేయు పనిని బ్యాంకే ఆరంభింపవలెను, 30 దినములలో బదులు రానిచో మూసివేయవలెను. అదియే చాలునని కొందరు నిశ్చింతగా నున్నారు. ఆ నిబంధనకు బాకీ లేకుండవలెనను షరతు గలదని వారు గమనింపరు. వార్షిక రుసుము పడిన కార్డు బాకీగల కార్డే.

కావున నా అభిప్రాయము స్పష్టము. ఏటేట రుసుము పడు కార్డు, ఒత్తిడికి లోబడి తీసికొన్న కార్డు, పాత నంబరునకు అంటిపెట్టుకొనియున్న కార్డు మూసివేయదగినవి. జీవితాంతము రుసుము లేనిదై, మీ కార్డులలో మిక్కిలి పాతదై, నేటి నంబరునకు సందేశములు వచ్చుచున్నచో దానినొక్కటి ఉంచుకొనుట మంచిది. రుణమునకు దరఖాస్తు పెట్టబోవువారు అది మంజూరగువరకు ఆగి, పిదప మూయుట వివేకము.

మూయుటయందే మనవారు తొందరపడుదురు. కార్డును కత్తిరించి పొయ్యిలో వేసినంతమాత్రమున ఖాతా మూతపడదు. ముందుగా ఆ కార్డునుండి తమంత తామే పోవుచున్న రీచార్జీలను, బీమా ప్రీమియములను మాన్పింపవలెను. మిగిలిన బాకీని పైసలతో సహా చెల్లింపవలెను. తగ్గించి కట్టినచో సరిపోవునని వసూలు ఏజెంటు చెప్పిన మాటకు మురిసిపోరాదు, అట్లు తీరిన ఖాతా రికార్డులలో సెటిల్డ్ అని నమోదై ముందుముందు రుణములకు అడ్డుపడును. బాకీ లేని కార్డును కోరిన 7 పనిదినములలో బ్యాంకు మూయవలెను, ఆలస్యమైన ప్రతి దినమునకును 500 రూపాయలు ఖాతాదారునకు చెల్లింపవలెను. ఫిర్యాదు నంబరును, తేదీని వ్రాసికొననివారు ఆ హక్కును ఎట్లు నిరూపింతురు? మూసినట్లు బ్యాంకు వ్రాతపూర్వకముగా ఇచ్చిన పత్రమును భద్రపరచి, కొన్ని వారముల పిదప సిబిల్ నివేదికలో ఖాతా మూతపడినదో లేదో చూచుకొనవలెను. ఏడాదికొకమారు ఆ నివేదికను ఉచితముగా పొందుటకు ప్రతివానికిని హక్కు గలదు.

బ్యాంకులవారికి ఒక విన్నపము. మూసివేత కోరుటకు రిజర్వు బ్యాంకు పేర్కొన్న హెల్ప్‌లైను, ఈ-మెయిలు, వెబ్‌సైటు, యాప్ మొదలగు మార్గములన్నియు ఫోను సిగ్నలుతో ముడిపడినవే. భద్రాచలము, చింతూరు, కొత్తగూడెముల శాఖలలో తెలుగున ముద్రించిన ఒక దరఖాస్తును ఉంచి, దానిని అందుకొని అక్కడికక్కడే ముద్రవేసిన రశీదు నిచ్చినచో, సంతనాడు ఊరు దిగివచ్చిన మనిషి ఆ పనియును ముగించుకొని పొద్దుండగనే ఇల్లు చేరగలడు.