మెదడులో ఇనుము, చేతిలో వణుకు

పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులో మెదడు లోపలి నల్లని భాగంలో ఇనుము ఎక్కువగా పేరుకుంటుంది. అయితే మన కోనసీమ ఇళ్లలో పెద్దవారికి తోటకూర, మునగాకు మాన్పించాలా? అక్కరలేదంటాము. కదలికలను నడిపే డోపమిన్ తయారుకావడానికీ ఇనుము కావాలి.

2022లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, లెవోడోపా ఇంకా మొదలుపెట్టని 372 మందిలో సగం మందికి 36 వారాలు ఇనుమును తొలగించే డెఫెరిప్రోన్ ఇచ్చారు. మెదడులో ఇనుము తగ్గింది. జబ్బు లక్షణాలు మాత్రం మరింత పెరిగాయి.

కనుక ఇనుముకు భయపడి తిండి తగ్గించకండి. లెవోడోపా మాత్రను, ఐరన్ మాత్రను మాత్రం కలిపి వేయకండి; ఇనుము ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. కనీసం 2 గంటల ఎడం ఉంచండి. డాక్టరుగారిని అడగకుండా ఏదీ మానకండి.