సీసా వెనకవైపు

మొన్న సంక్రాంతికి అవనిగడ్డ వెళ్ళాను. నన్ను చూసి లేవబోయిన మా పిన్ని తూలి తలుపు పట్టుకున్నది.

"అరికాళ్ళు మొద్దుబారుతున్నాయే అమ్మాయీ! నేలమీద నడుస్తున్నానో, దూదిమీద నడుస్తున్నానో తెలియటం లేదు."

"మందేమైనా వాడుతున్నావా పిన్నీ?"

"వాడకేం! తమ్ముడు గుడివాడనుంచి బలం బిళ్ళలు తెచ్చాడుగా. నెలకు ఆరువందలు! అంత ఖరీదు పెట్టాక మంచివి కాకుండా వుంటాయా?"

సీసా అందుకున్నాను. ముందువైపు నిగనిగలాడే పళ్ళబొమ్మలు. వెనకవైపు చిన్న అక్షరాలు. ఇనుము వుంది, ఫోలిక్ ఆమ్లం వుంది. బి12 మాత్రం లేదు!

పిన్ని మాంసం, గుడ్డు ముట్టదు. పాలు పడవు. పదేళ్ళుగా చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మింగుతోంది. ఆ బిళ్ళ దీర్ఘకాలం వాడితే కొందరికి బి12 తగ్గుతుంది.

ఫోలిక్ ఆమ్లం చెడ్డదా? ఎంతమాట! 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. కాని బి12 లోపించినవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే, రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించవచ్చు. నరాలు మాత్రం లోలోపల చెడిపోతూనే వుంటాయి.

మర్నాడే పిన్నిని బందరు తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించాను. అనుకున్నంతా అయింది. బి12 బాగా తక్కువ. "ఇంకా ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు" అని డాక్టరుగారు ఇంజక్షన్లు మొదలుపెట్టారు.

అందుకని సోదరీమణులకు నా మనవి. బిళ్ళలు కొనేముందు సీసా తిప్పండి. బి12 వుందా? పెద్దలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. గడువు తేదీ చూడండి. ఆహారపదార్థంగా అమ్మే బిళ్ళలైతే 14 అంకెల లైసెన్సు నంబరు వుండాలి. జన ఔషధి దుకాణంలో దొరికే చౌకరకాన్ని కూడా అడిగి చూడండి. ఖరీదు పెరిగినంత మాత్రాన గుణం పెరగదు. బలం చాలలేదని రెండు రకాలు కలిపి మింగకండి. ఎ, డి విటమినులు మితిమీరితే హాని. అన్నిటికన్నా ముఖ్యం, కాళ్ళు తిమ్మిరెక్కితే ముందు డాక్టరు, తరువాతే బిళ్ళ.

నిన్న పిన్ని ఫోను చేసింది. కుడికాలు తేలికపడిందట, ఎడమకాలికి ఇంకా మొద్దు వదలలేదట.

"ఇప్పుడు ఏ సీసా వచ్చినా ముందు మనవడిచేత వెనకవైపు చదివిస్తున్నానే" అన్నది.