గాలిలోని వంతు

నేటి విద్యార్థికి ఇంటర్నెట్ విలాసవస్తువు కాదు. ఉపకార వేతనపు దరఖాస్తు, ప్రవేశ పరీక్ష హాల్‌టికెట్టు, ఫలితాల ప్రకటన అన్నీ ఆ మార్గాననే సాగుతున్నవి. రీచార్జికి సైతం లెక్క చూచుకొనవలసిన ఇళ్ళ నుండి మన చెన్నూరు ప్రాంతపు పిల్లలెందరో చదువుకు వస్తున్నారు. కావున కళాశాలలో వైఫై నెలకొల్పవలెనన్న ఆలోచన ప్రశంసనీయం. అయితే కార్యాలయంలో ఒక ఖరీదైన రౌటరు నుంచితే చాలునన్న అభిప్రాయంతో మేము ఏకీభవింపలేము.

వైఫైని తీగలేని జాలమంటారు గాని, దాని వేరు తీగలోనే ఉన్నది. బయటి నుండి వచ్చిన ఫైబరు రౌటరును చేరుతుంది. రౌటరు నుండి స్విచ్చికి, స్విచ్చి నుండి గదులకు తీగలు సాగుతాయి. ఆ తీగ కొసన అమర్చే చిన్న పెట్టెయే యాక్సెస్ పాయింట్. అది తన పేరును సెకనుకు సుమారు పది మారులు చాటుతూ ఉంటుంది. ఫోను ఆ పేరును గుర్తించి, పాస్‌వర్డ్ తెలిసినట్లు రుజువు చేసుకొని జాలంలో చేరుతుంది. రౌటరు దానికొక చిరునామా నిస్తుంది. తీగ లేనిది ఈ చివరి కొద్ది గజాలలో మాత్రమే.

ఈ కొద్ది గజాల గాలి అందరి ఉమ్మడి సొత్తు. ఒక చానల్‌పై సాధారణంగా ఒక సమయాన ఒక్క పరికరమే పలుకవలె. ముషాయిరాలో కవుల వంతును నాజిం పిలుస్తాడు. వైఫై సామాన్య పద్ధతిలో అట్లు పిలిచేవారు లేరు. ప్రతి ఫోనూ ముందుగా ఆలకించి, నిశ్శబ్దం చూచి, కొంత విరామం పాటించి తన మాట పంపుతుంది. అందినట్లు జవాబు రాకుంటే మరల పంపుతుంది.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. దూరాన, గోడల చాటున ఉన్న ఫోను నెమ్మదిగా మాత్రమే పలుకగలదు. అదే సమాచారానికి అది ఎక్కువ సేపు గాలిని ఆక్రమిస్తుంది. దగ్గర ఉన్నవారు సైతం వేచి ఉండవలసి వస్తుంది. అనగా చివరి గదిలోని విద్యార్థినికి జరిగే అన్యాయం అందరికీ నష్టమే. పెట్టె గొంతు పెంచినందువల్ల ఫోను గొంతు పెరగదు. పెట్టె మాట ఫోనుకు వినిపిస్తుంది, ఫోను మాట పెట్టెకు అందదు.

ఏర్పాటు సరిగా ఉంటే ఈ సంకేతాలే చాలా దూరం పోగలవనుటకు తెలుగునాటనే నిదర్శన మున్నది. 2007 నాటికే పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ వారి ‘అశ్విని’ జాలం ఎత్తయిన స్తంభాలపై ఒకదాని కొకటి ఎదురుగా నిలిపిన యాంటెనాలతో, వైఫై పద్ధతిలోనే గ్రామాలను కలిపి దూరవిద్యను, వైద్య సలహాలను అందించింది. అక్కడ గెలిచినది పెట్టె ఖరీదు కాదు, అమరిక.

కావున కార్యవర్గం వారికి మా మనవి ఇది. తొలుత గ్రంథాలయానికి, విద్యార్థినుల గదికి, ఉర్దూ, తెలుగు తరగతులకు తీగ వేయించవలె. ప్రతిచోట ఒక చిన్న యాక్సెస్ పాయింట్ ఉంచి, పక్కపక్కవి ఒకే చానల్‌పై పోట్లాడకుండ చూడవలె. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో 1, 6, 11 చానళ్ళు ఒకదానిపై ఒకటి పడవు. కదలని కంప్యూటర్లను తీగకే కలిపితే గాలి ఫోన్లకు మిగులుతుంది. కొనుటకు ముందే ఏ గదిలో సంకేత మెంత అందుచున్నదో విద్యార్థులచేతనే కొలిపించుట మేలు. వారికది పాఠమూ అవుతుంది.

ఖర్చు అధికమని కొందరనవచ్చును. పెట్టెలు కొన్నేండ్లకు మారుతాయి, చక్కగా వేసిన తీగ చాలాకాలం నిలుస్తుంది. ఒక్క సంవత్సరంలోనే అంతా పూర్తి కానక్కరలేదు. గ్రంథాలయంతో ఆరంభించి ఏటేటా ఒక్కొక్క గదికి విస్తరింపవచ్చును. కార్యాలయంలోని బల్లపై ఎన్ని దీపాలు వెలిగినవన్నది లెక్క కాదు. చివరి బెంచీపై కూర్చున్న బిడ్డ దరఖాస్తు గడువులోగా చేరినదా లేదా అన్నదే లెక్క.