సోమవారం చర్చికి తాళమెందుకు?

ఇల్లు లేనివారికి కష్టమంతా రాత్రిపూటేనని మనలో చాలామంది అనుకుంటాం. చలికాలం రాగానే దుప్పట్లు పోగుచేసి, ఫుట్‌పాత్‌ల మీద నిద్రపోతున్నవారికి కప్పి వస్తాం. మంచి పనే. కానీ తెల్లవారాక ఆ దుప్పటిని అతను ఎక్కడ దాచుకోవాలి? దుకాణం షట్టర్ పైకి లేవకముందే అతను లేచిపోవాలి. స్నానం ఎక్కడ చేయాలి? ఒంటిమీది బట్టలు ఉతికితే ఆరేదాకా ఏం కట్టుకోవాలి? మే నెల ఎండలో ఏ నీడన కూర్చోవాలి? పార్కులో పడుకుంటే వాచ్‌మన్ లేపుతాడు. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే టికెట్ అడుగుతారు. లేపిన చోటినుంచి లేచి మరోచోటికి నడవడమే నగరంలో అతని పగలంతా.

ఏలీయా ప్రవక్త కూడా ఒకసారి ఇలాగే దిక్కుతోచక నడిచాడు. కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలను ఒంటరిగా ఎదిరించి గెలిచిన ధీరుడాయన. అలాంటివాడు, చంపిస్తానని యెజెబెలు రాణి కబురు పంపగానే ప్రాణభయంతో పారిపోయాడు. బెయేర్షెబాలో తన సేవకుణ్ణి విడిచిపెట్టి, అరణ్యంలో ఒకరోజు ప్రయాణమంత దూరం వెళ్లి, బదరీ చెట్టు కింద కూలబడ్డాడు. ఇక బతకలేనని, తన ప్రాణం తీసుకొమ్మని దేవునితో చెప్పుకొని నిద్రపోయాడు. దేవుడు ఆయన దగ్గరికి దూతను పంపాడు. ఎందుకు పారిపోయి వచ్చావని దూత నిలదీయలేదు. విశ్వాసం ఏమైపోయిందని మందలించలేదు. తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర వేడి రొట్టె, నీళ్లు ఉన్నాయి. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ముందున్న దారి చాలా దూరమని మాత్రం చెప్పాడు (1 రాజులు 19:1-8).

ఇక్కడేం చేస్తున్నావని దేవుడు ఏలీయాను అడిగిన మాట నిజమే. కానీ అది 40 రాత్రింబగళ్లు నడిచాక, హోరేబు కొండ గుహలో. ముందు నిద్ర, రొట్టె, మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె, ప్రశ్న ఆ తర్వాతే. దేవుడు పాటించిన ఈ వరుసను మన సేవా కార్యక్రమాలు తరచుగా తారుమారు చేస్తాయి. ముందు ప్రసంగం, ఆపైన పొట్లం, పొట్లం చేతికందగానే ఫొటో, తర్వాత ఎవరి దారి వారిది.

2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లులేనివారిని ప్రత్యేకంగా లెక్కించారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. వారిలో 9 లక్షలకు పైగా పట్టణాలు, నగరాల్లోనే ఉన్నారు. ఇల్లులేనివారంటే ఎవరో చెబుతూ జనగణన శాఖ కొన్ని చోట్లు పేర్కొంది: రోడ్డు పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ప్రార్థనా స్థలాల ఆరుబయట. ఆ చివరిమాట విశ్వాసులమైన మనల్ని ఆపి ఆలోచింపజేయాలి. ప్రార్థనా స్థలాల లోపల కాదు, ఆరుబయట!

ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కూడా ఇదే లెక్కను పాటించి, షెల్టర్లలో నీళ్లు, మరుగుదొడ్లు, వంటగది, ప్రథమ చికిత్స, వస్తువులు దాచుకునే లాకర్లు ఉండాలంది. అక్కడికి వచ్చినవారికి గుర్తింపు కార్డులు, పింఛన్లు అందేలా చూడాలని కూడా చెప్పింది. ఇక్కడ 24 గంటలన్న మాట ముఖ్యం. రాత్రంతా మార్కెట్‌లో లారీల్లోంచి బస్తాలు దించే కూలీకి, పెళ్లి భోజనాల్లో అర్ధరాత్రి దాకా ఎంగిలి ప్లేట్లు కడిగే కుర్రాడికి పగలే కదా నిద్ర! జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాడికి మధ్యాహ్నం పూట కూడా పడక కావాలి. పల్లెనుంచి రోగిని పెద్దాసుపత్రికి తెచ్చి, వారాల తరబడి గేటు దగ్గరే గడిపే తల్లికి స్నానానికో మరుగు కావాలి. పూట భోజనమంటారా, హైదరాబాద్‌లో 2014లో, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 5 రూపాయలకు అన్నం పెట్టే కేంద్రాలు మొదలయ్యాయి. తిన్నాక కాసేపు ఎవరూ లేపకుండా కూర్చునే చోటే కరువు.

అలాంటి చోటు చాలా బస్తీల్లో ఉంది. అది మన చర్చి. ఫ్యాన్లు, కుళాయి, మరుగుదొడ్డి, నీడ, బెంచీలు, చాపలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆదివారం ఆరాధన ముగిశాక పడిన తాళం శుక్రవారం ఉపవాస ప్రార్థనకో, శనివారం క్వయర్ ప్రాక్టీసుకో గాని తెరుచుకోదు. విశ్వాసుల కానుకలతో కట్టిన దేవుని మందిరం వారంలో ఎక్కువ గంటలు ఖాళీగానే ఉంటోంది.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో టెండర్‌లాయిన్ అనే పేదల పేటలో సెయింట్ బానిఫేస్ కేథలిక్ చర్చి ఉంది. 2004లో అక్కడి ఫాదర్ లూయీ విటాలే, మరికొందరు కలిసి గుబ్బియో ప్రాజెక్ట్ పేరిట, పని దినాల్లో చర్చి తలుపులు తెరిచి వీధుల్లో బతికేవారిని బెంచీల మీద నిద్రపోనిచ్చారు. వెనకనున్న మూడింట రెండు వంతుల బెంచీలు నిద్రపోయేవారికి, ముందున్న ఒక వంతు ప్రార్థించేవారికి. మధ్యాహ్నం పూజ జరుగుతుంటే వెనక వీరు నిద్రపోతూనే ఉండేవారు. లోపలికి రావడానికి ఫారాలు నింపాల్సిన అవసరం ఉండేది కాదు. ఆరాధనకు భంగమని వారిని బయటికి పంపలేదు. బదరీ చెట్టు కింద దూత చేసినదాన్నే ఒక సంఘం తన బెంచీల మీద చేసి చూపించింది.

ఈ మాట కమిటీలో ఎత్తితే వచ్చే అభ్యంతరాలు మనకు తెలుసు. మైకులు, కీబోర్డు పోతాయంటారు. తాగి వస్తారంటారు. వాసనకు ఆదివారం ఎవరూ లోపల కూర్చోలేరంటారు. ఆడవారికి భద్రత ఏదంటారు. ఇవి కొట్టిపారేయాల్సిన ప్రశ్నలు కావు, జవాబు వెతకాల్సిన ప్రశ్నలు. విలువైనవాటిని గదిలో పెట్టి తాళం వేయవచ్చు. గేటు దగ్గర ఇద్దరు వాలంటీర్లు చాలు. స్త్రీలకు వేరే గది గానీ, వేరే రోజు గానీ కేటాయించవచ్చు. తాగి గొడవచేస్తే ఆ పూటకు వద్దని మర్యాదగా చెప్పి, మర్నాడు రమ్మనవచ్చు. వాసన సంగతికొస్తే, ఒక సబ్బు, బకెట్ నీళ్లు, బట్టలారేసుకునే తీగ దానికి మందు.

మరో మాట కూడా సూటిగా చెప్పాలి. వచ్చినవాడి మతమేమిటని అడగకూడదు. పడక ఇచ్చామని ప్రార్థనలో కూర్చోమనకూడదు. రొట్టెకు బదులుగా దూత ఏలీయాతో ఏ మాటా ఇప్పించుకోలేదు. నిద్ర తీరినవాడు తనంతట తానే కష్టం చెప్పుకుంటే చెవియొగ్గి వినాలి. ఆధార్ కావాలంటే మీ సేవకో సచివాలయానికో తోడు వెళ్లాలి, గాయముంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన సంఘాల్లో నర్సులున్నారు, రిటైరైన గుమస్తాలున్నారు, లాయర్లున్నారు. వారానికి రెండు గంటలు ఇవ్వమంటే కాదనేవారు తక్కువే.

ప్రభుత్వం కట్టాల్సిన షెల్టర్లకు చర్చి ప్రత్యామ్నాయం కాదు, లక్షకొకటి కావాలని అడుగుతూనే ఉండాలి. అయితే అడిగే మన గేటు మాత్రం మూసి ఉంటే ఆ మాటకు బలమెక్కడిది? తనకు తలవాల్చుకునే చోటు లేదన్న ప్రభువును ఆరాధిస్తున్నాం మనం. అంత్యదినాన పరదేశిని చేర్చుకున్నారా లేదా అని ఆయన చూస్తాడని మత్తయి సువార్త 25వ అధ్యాయం చెబుతోంది. మందిరానికి వేసిన గ్రానైట్ సంగతి అందులో ఎక్కడా లేదు. వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఈ ఒక్క అంశం పెట్టండి. వారంలో ఒక్కరోజు, పది నుంచి నాలుగు దాకా. ముందు గేటు తెరవండి, మిగతా రోజుల సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం.