పెద్దింట్లో ప్రశ్నలు అడిగేదెవరు?

ఇంగ్లిష్‌లో పూర్తిస్థాయి తొలి డిటెక్టివ్ నవలగా చాలామంది చెప్పుకునే ‘ద మూన్‌స్టోన్’ మన పొరుగున, శ్రీరంగపట్నంలో మొదలవుతుంది. 1799 మే 4న కోట పడిపోయి టిప్పు సుల్తాన్ చనిపోయిన రోజు, ఒక ఇంగ్లిష్ సైనికాధికారి కాపలావాళ్ల శవాల మధ్య నుంచి పసుపువన్నె వజ్రాన్ని కాజేస్తాడు. ఏళ్ల తర్వాత అది యార్క్‌షైర్‌లో ఉన్న మేనకోడలికి పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా చేరి, ఆ రాత్రే మాయమవుతుంది. విల్కీ కాలిన్స్ ఈ నవల రాసింది 1868లో. టిప్పుతో చేసిన ఆ యుద్ధాల వల్లనే మైసూరు ఏలుబడిలోని మన ప్రాంతం నిజాంకు దక్కింది. ఆయన 1800లో దాన్ని కంపెనీకి రాసిచ్చాడు. నవలలో వజ్రం చేతులు మారినట్టే పెనుకొండ సీమా చేతులు మారింది. అందుకే ఈ పుస్తకం చదువుతుంటే పరాయి కథలా అనిపించదు.

తర్వాతి తరం రచయితలకు పెద్దిళ్ల సంపద ఎక్కడి నుంచి వచ్చిందన్న పట్టింపు పెద్దగా లేదు. 1920లో అగాథా క్రిస్టీ తొలి నవల వచ్చింది. 1923లో డొరొతీ సేయర్స్ ఏకంగా ఒక డ్యూక్ తమ్ముణ్ణే డిటెక్టివ్‌గా నిలబెట్టింది. అప్పటి నుంచి విశాలమైన తోట, వారాంతపు విందు, ఇండియాలో కొలువు చేసి రిటైరైన కల్నల్, గ్రంథాలయం గదిలో శవం అనేవి ఈ రకం నవలలకు మామూలు సరంజామా అయిపోయాయి. ‘దొరల ఇళ్లలో ఎవరు ఎవర్ని చంపుకుంటే మనకేమప్పా’ అని హిందూపురంలో మిత్రులు అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఈ నవలల్లో నాకు విలువైనది ఆ భవంతి కాదు. ఒక నేరం జరిగాక ఆ భవంతిలో ఉన్న ప్రతి ఒక్కరూ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలనే పట్టుదల.

‘మూన్‌స్టోన్’లో ఒక ఘట్టం చూడండి. వజ్రం పోయిందనగానే స్థానిక పోలీసు అధికారి నేరుగా పనివాళ్ల గదుల మీద పడతాడు. పెట్టెలు తిరగేసి అందర్నీ అవమానిస్తాడు. ఆ తర్వాత లండన్ నుంచి గులాబీలంటే ప్రాణమిచ్చే సార్జెంట్ కఫ్ వస్తాడు. అమ్మాయి గది తలుపుకు కొత్తగా వేసిన రంగు ఒకచోట చెరిగి ఉండటం గమనిస్తాడు. ఆ రంగు ఎవరో ఒకరి బట్టలకు అంటుకుని ఉండాలి. కాబట్టి ఇంట్లో అందరి బట్టలూ చూడాలంటాడు. అందరివీ అంటే ఇంటి యజమానురాలి నుంచి అంట్లు తోమే పిల్ల దాకా. యజమానురాలు సరేనంటుంది. కూతురు మాత్రం ససేమిరా అంటుంది. నవల అసలు అక్కడ రగులుకుంటుంది. అనుమానం పనివాళ్ల గదుల దగ్గర ఆగిపోకుండా మేడమెట్లెక్కి అమ్మాయిగారి బట్టల బీరువా ముందు నిలబడుతుంది. 1868లో ఒక నవల ఆ పని చేసిందంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కాలిన్స్‌కు ఆ ధైర్యం ఊరికే రాలేదు. 1860లో రోడ్ అనే పల్లెలో ఒక పెద్దింటి పసివాడు హత్యకు గురయ్యాడు. స్కాట్లాండ్ యార్డ్ నుంచి వచ్చిన విచర్, కనిపించకుండా పోయిన ఒక నైట్‌గౌన్ ఆధారంగా ఆ ఇంటి కూతురు కాన్‌స్టెన్స్ కెంట్‌నే అనుమానించాడు. తోటమాలి కొడుకైన ఒక పోలీసువాడు మర్యాదస్థుల అమ్మాయి బట్టల గురించి అడగడమా అని దేశం మండిపడింది. విచర్ ప్రతిష్ఠ మట్టిలో కలిసింది. అయిదేళ్ల తర్వాత, 1865లో, ఆమే నేరం ఒప్పుకుంది.

ఇక మన పెద్దింటి కథకొద్దాం. ఇంటిపేరులోనే ధర్మవరం ఉన్న ఆంధ్ర నాటక పితామహుడు రామకృష్ణమాచార్యులు బళ్లారిలో ‘విషాద సారంగధర’ రాసి ఆడించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. కథ అందరికీ తెలిసిందే. పావురం కోసం సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి మందిరంలోకి వెళతాడు. ఆమె కోరిక కాదంటాడు. ఆమె రాజుతో అబద్ధం చెబుతుంది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరకమంటాడు. ఈ కథను డిటెక్టివ్ కళ్లతో చూడండి, సాక్షులకు లోటు లేదు. లోపలికి వెళ్లొద్దని వారించిన స్నేహితుడున్నాడు. ఎగిరిపోయిన పావురం ఉంది. అంతఃపురంలో దాసీలున్నారు. వాళ్లలో ఒక్కరినైనా పిలిచి ‘నువ్వేం చూశావు?’ అని రాజు అడిగి ఉంటే ఆ నాటకానికి విషాదమే లేదు. మన పెద్దిళ్ల కథల్లో నేరం తర్వాత వచ్చేది శిక్షే. నడుమ ఉండాల్సిన విచారణ కనిపించదు. నాటకం చూస్తూ మనం కన్నీళ్లు పెట్టుకున్నాం గాని, ఆ లోటు గురించి ఆలోచించలేదు.

విచారణ జరిగినా న్యాయం దక్కని ఉదంతం మన రైలు మార్గం మీదే ఉంది. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ, ధర్మవరం, అనంతపురం దాటి గుంతకల్లు చేరతాం. అక్కడ 1893 అక్టోబర్ 4న తెల్ల సైనికులు ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. గేట్‌మన్ హంపన్న ఆ స్త్రీలను తన గదిలో దాచి అడ్డం నిలబడ్డాడు. ఒక సైనికుడు అతన్ని కాల్చాడు. ఆ గాయంతో హంపన్న చనిపోయాడు. గుత్తి కేశవ పిళ్లై ‘ద హిందూ’ పత్రికకు రాసి ఈ దారుణాన్ని మద్రాసు దాకా వినిపించారు. కేసు మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. యూరోపియన్ నిందితుడు జ్యూరీలో కనీసం సగం మంది తనవాళ్లే ఉండాలని కోరుకునే హక్కును అప్పటి చట్టం ఇచ్చింది. సైనికుడు నిర్దోషిగా బయటికొచ్చాడు. ప్రజలు చందాలు వేసుకుని గుంతకల్లులో హంపన్నకు స్మారకశిల నిలిపారు.

అదే 1893 డిసెంబర్‌లో లండన్‌లో ‘స్ట్రాండ్’ పత్రిక షెర్లాక్ హోమ్స్ మరణించినట్టు కథ అచ్చేసింది. అక్కడి పాఠకులు తల్లడిల్లిపోయారు. పుస్తకంలో నేరస్థుడు ఎంతటివాడైనా దొరికిపోవాలని కోరుకునే సమాజం, తన సైనికుడి విషయంలో అలా కోరుకోలేదు. ఈ నవలలను ఎంత ప్రేమించినా ఆ సంగతి నేను పక్కన పెట్టలేను.

తెలుగులో ఈ ప్రక్రియకు ఇంటింటా పాఠకులను సంపాదించినవాడు కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా తరానికి సొంత మనుషులు. అద్దె పుస్తకాల షాపులో ఆ నవలలు అట్టలు ఊడిపోయి, చివరి పేజీలు చిరిగి దొరికేవి. అయినా తెచ్చుకునేవాళ్లం. యుగంధర్ ఉండేది మద్రాసులో. ఆయన్ను ధర్మవరానికి పిలిచినవారు లేరు. మన సీమ పెద్దిళ్లను సినిమా పట్టుకుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక అలాంటి సినిమాలు వరుస కట్టాయి. వాటిలో హంతకుడెవరో ముందే తెలుసు, అతనే చాటుకుంటాడు. వాకిట్లో నిలబడి అంతా చూసిన పనిమనిషికి ఒక్క మాటా ఉండదు. బయట కూడా అంతే. ‘పెద్దోళ్ల యవ్వారం మనకెందుకప్పా’ అంటూ సాక్షి తప్పుకుంటాడు. అతని భయం నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ ఆ భయం మీద, దాన్ని ఎవరో ఓపిగ్గా కరిగించడం మీద ఒక మంచి నవల రావాలి.

దానికి సరుకు మన దగ్గర పుష్కలంగా ఉంది. ఇంగ్లిష్ భవంతుల్లో హత్యలు ఎక్కువగా వీలునామా చుట్టూ తిరుగుతాయి. మన దగ్గర భాగపంపకాల చుట్టూ తిరుగుతాయి. హిందూపురం నుంచి గెలిచిన ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా తెచ్చిన చట్టం, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే 2005 దాకా, ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఆ వాటా ఉండేది కాదు. పెనుకొండ కొండ కింద ఒక పాత మిద్దె ఊహించండి. అది 1990లు. తండ్రి అనుమానాస్పదంగా చనిపోయాడు. ‘చెల్లెలి పెళ్లి 1985 ఆగస్టులోనే అయింది’ అని అన్నలంటారు. ‘కాదు, ఆ తర్వాతే’ అని ఆమె అంటుంది. శుభలేఖ ఒక్కటీ దొరకదు. పురోహితుడు లేడు. అసలు తేదీ తెలిసిన తండ్రి ఇప్పుడు లేడు.

కానీ పెళ్లిచీర ధర్మవరంలో నేయించారు. షావుకారు పట్టూ జరీ తూకం వేసి మగ్గానికి ఇస్తాడు, చీర తిరిగొచ్చాక మళ్లీ తూకం వేస్తాడు, రెండు తూకాలూ తేదీలతో సహా పద్దులో రాసుకుంటాడు. ఆ పద్దు మీద ఎవరి కన్ను పడింది? అందులో ఒక కాగితం ఎందుకు లేదు? ఆ చీరకు కండెలు చుట్టిన నేతగాడి భార్యకు నెల గుర్తుంది, ఎందుకంటే ఆ నెలలోనే ఆమె కాన్పయింది. ఆసుపత్రి చీటీ ట్రంకుపెట్టెలో ఉంది. పెద్దింటివాళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి ఆమెకు ఏం అడ్డొస్తుంది? షావుకారు దగ్గర తీసుకున్న బాకీనా, మొగుడి మాటా?

ఈ కథ రాయదలచిన కుర్రవాళ్లెవరైనా ఉంటే తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. డిటెక్టివ్‌గా ఎవర్ని పెట్టుకుంటారో మీ ఇష్టం. ఆడ సబ్ ఇన్‌స్పెక్టర్ కావచ్చు, రిటైరైన టీచరమ్మ కావచ్చు. నేతగాడి భార్యను మాత్రం మన యాసలోనే మాట్లాడించండి. ఆమె చెప్పేది ఆఖరిదాకా చెప్పనివ్వండి.