కాలిబాటలపై మోటారు దండయాత్ర

అడవిలోని కాలిబాట ఏ కాంట్రాక్టరును వేసినది కాదు. మేకల కాపరి యడుగు, కట్టెలమోపు నెత్తినిడుకొని దిగు స్త్రీ యడుగు, కొండమీది దేవరకు మ్రొక్కుబడి చెల్లింపబోవువాని యడుగు తరతరములుగా పడి యేర్పడినది. అట్టి బాటలమీదికి నేడు ఆఫ్‌రోడింగ్ అను వినోదము బయలుదేరినది. జీపులతోడను, మోటారు సైకిళ్లతోడను రోడ్డు లేనిచోటనే పరువెత్తుట దీని లక్షణము. 2023 ఆగస్టులో వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో కార్లును మోటారు సైకిళ్లును పందెములాడిన వార్తను పాఠకులు మరచియుండరు. మా చిలమత్తూరు మండలమున కొడికొండ చెక్‌పోస్టు మీదుగా 44వ జాతీయ రహదారి పోవుచున్నది. బెంగుళూరు దాదాపు నూరు కిలోమీటర్ల దూరముననే యున్నది. అనంతగిరికి వచ్చిన యాపద మా గుట్టలకు రాదని యూరకుండువాడు ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనువాడే.

చక్ర మొకసారి దొర్లినంతమాత్రమున నష్టమేమని కొందరడుగుదురు. ఇది కోనసీమ కాదు. ఇచ్చట సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన; అదియు కొలది దినములలోనే కురిసిపోవును. పలుచని యెర్రమన్నును గడ్డివేళ్లే పట్టి నిలుపుచున్నవి. బరువైన చక్రము ఆ వేళ్లను త్రెంచి, మన్ను నదిమి, నీరింకకుండ జేయును. ఇంకని నీరు చక్రపుజాడవెంటనే పారును. జాడ గాడియగును, గాడి వంకయగును. కొట్టుకొనిపోయిన మన్ను చెరువులో పూడికయగును. గాడి లోతైనకొలది తరువాతి వాహనము ప్రక్కకు తొలగి క్రొత్త జాడ వేయును. నేలమీదనే గ్రుడ్లు పెట్టు పూరేడునకు, కౌజుపిట్టకు నిక చోటెక్కడ? అమెరికాలోని మొజావే యెడారిలో 1942 మొదలు 1944 వరకు సైనిక శిక్షణకై నడపిన టాంకుల జాడలు దశాబ్దములు గడచినను మాసిపోలేదు. ఎండిననేలకు తగిలిన గాయము అంత సులభముగా మానదు. ఆ దేశమువారు 1964లోనే శాసనము చేసి, నిర్జనారణ్యములుగా ప్రకటించిన ప్రదేశములలో మోటారు వాహనములను నిషేధించిరి.

మనకును చట్టములు లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 27వ సెక్షను ప్రకారము అనుమతి లేనిదే సామాన్యుడు అభయారణ్యమున ప్రవేశింపరాదు. రహదారివెంట పోవువానికి మాత్రము మినహాయింపు గలదు. కాలిబాట రహదారి కాదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము రిజర్వు అడవులలో అక్రమప్రవేశమును, పశువులను మేపుటను నిషేధించినది. కాని యా చట్టపు బరువు ఎవరిమీద పడుచున్నది? మేకల కాపరులు అపరాధపు రుసుము చెల్లించిన రశీదులను మేము వృత్తిరీత్యా చూచియున్నాము. జీపుదొర పేరిట నట్టి రశీదు నొక్కదానినైన చూచి యెరుగము. 1921-22లో పల్నాటి రైతులు పుల్లరి కట్టమని నిలిచినదియు, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియైనదియు అడవిలో పేదవానికి చోటుండవలెననియే కదా! ఆ పేదవాని కాలికి సంకెల యట్లే యుంచి, ధనికుని చక్రమునకు త్రోవ విడుచుటయా స్వరాజ్యము?

పర్యాటకమువలన పల్లెకు నాలుగు డబ్బులు వచ్చునందురు. నడచి వచ్చువాడు మన యూర భోజనము చేయును, త్రోవ చూపినవానికి కూలి యిచ్చును. దుమ్ము రేపి పోవువాడు దుమ్మునే మిగిల్చిపోవును. మాకు యంత్రముపై ద్వేషము లేదు. కార్చిచ్చు నార్పుటకో, రోగిని తెచ్చుటకో పోవు వాహనమును మేమాక్షేపింపము. పందెమాడగోరువారు యజమాని యంగీకారముతో బీడుభూములలో నాడుకొనవచ్చును.

అటవీశాఖవారు అడవిబాటల మొదట రాతికూసములు పాతి వాహనములను నిలుపవలెను. వినోదార్థము చొరబడినవారిని, మేకల కాపరిని నిలిపిన కోర్టులోనే నిలుపవలెను. గ్రామసభలు ఈ విషయమై తీర్మానములు చేసి పంపవలెను. యువకులారా! గుట్ట నెక్కవలెనను మీ యుత్సాహము మెచ్చదగినదే. మీకు కాళ్లున్నవి; నడచి యెక్కుడు. కాలు వేసిన బాటను కాలికే విడువుడు.