కట్టలు దిగుతాయి, మాట దిగదు

అనంతగిరి మండలం కాశీపట్నం సంతలో పసుపు కొమ్ములకీ అడ్డాకుల కట్టలకీ మధ్య ఒక కుర్రాడు చిన్న పుస్తకాలు పంచుతున్నాడు. నున్నటి కాగితం, అట్ట మీద గొర్రెపిల్లను భుజానేసుకున్న యేసు. ఒక అవ్వ తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది, మనవరాలి చేతిలో పెట్టింది. ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్ల కాబోలు, గడగడా చదివేసింది. అవ్వ అంతా విని తమ కువి భాషలో ఏదో అడిగింది. పిల్ల నవ్వి పుస్తకాన్ని సంచిలో దోపేసింది. ఏమడిగిందమ్మా అంటే, "ఇది ఎవరి మాట అంటోంది" అంది.

మన క్రైస్తవ సంఘాల్లో ఇప్పుడు ఎవరూ కాదనని నమ్మకం ఒకటుంది. మనిషి వెళ్ళలేని చోటికి పుస్తకం వెళుతుందట. విశాఖ కూడికల్లో వింటాం. సెలవులకు వచ్చిన డాలస్ బంధువుల నోటా వింటాం. ఒక డాలరుకు ఇన్ని ప్రతులు, ప్రతికొక ఆత్మ. అనంతగిరి ఘాటు రోడ్డెక్కే ప్రతి జీపులో నాలుగు కట్టలుంటే సువార్త పని అయిపోయినట్టే. నేనూ ఆ కానుక సంచిలో నోటు వేసినవాణ్ణే, కాబట్టి ఈ మాట బయటివాడిగా అనడం లేదు: ఈ నమ్మకం తప్పు. వెయ్యి ప్రతులు పంచామన్న సంతృప్తి మనకు మిగులుతుంది. అవ్వ ప్రశ్న అవ్వ దగ్గరే ఉండిపోతుంది.

ఎదుటి పక్షంవారిదీ ఇదే లెక్క కావడం వింత. విదేశీ డబ్బుతో అచ్చయిన పుస్తకం కొండ ఎక్కిందంటే మతం మారిపోయినట్టేనని వాళ్ళ భయం. ఇచ్చేవాళ్ళూ తిట్టేవాళ్ళూ కలిసి నమ్మేది ఒకటే, కొండమీది మనిషి కాగితం చేతిలో పెడితే చాలు కరిగిపోతాడని. ఈ కొండలకు కాగితం కొత్తా? ఇదే అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చిన కాగితాలు ఎన్ని తిరిగాయో గుర్తులేదా? ఆ గొడవలోంచే, అలాంటి లీజులు చెల్లవంటూ 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. తమకు రాని భాషలో వచ్చిన కాగితాన్ని అనుమానంగా తిప్పి చూడడం అక్కడివాళ్ళకు జీవితం నేర్పిన చదువు.

"పిల్లలందరికీ తెలుగు వచ్చేసింది కదండీ" అంటారు. వచ్చింది. తెలుగు వాళ్ళకు ఐటీడీఏ ఆఫీసు భాష, బస్సు భాష, దళారీ బేరం భాష. చావు ఇంట్లో ఏడ్చేది మాత్రం కువిలోనో, కొండ అనే భాషలోనో, ఆదివాసీ ఒడియాలోనో. పైగా మనం పంచేది ఏ తెలుగు? 'రక్షణ' అన్న మాట చర్చి తెలియని మనిషికి పోలీసు రక్షణలా వినబడుతుంది. 'ప్రాయశ్చిత్తము' నాకే ఇప్పటికీ నోరు తిరగదు.

మనకు సువార్త ఎలా వచ్చిందో మరిచిపోయాం. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. దిగీదిగగానే కట్టలు విప్పలేదు, తెలుగు నేర్చుకోడానికి కూర్చున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడు కూర్చున్నాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు అనువదించిన సువార్తలు సీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అంటే ఏడేళ్ళపాటు చందాదారులకు చూపించడానికి ఒక్క అచ్చు పుస్తకం లేదు, రెండు సమాధులున్నాయి. ఇవాళ ఏ దాత ఇంతకాలం ఓర్చుకుంటాడు? మూడో నెలకే ఫొటోలు పంపమని వాట్సాప్ వస్తుంది. కానీ ఆ ఏడేళ్ళ జీతమే అసలు కానుక. అచ్చు ఖర్చు దాని తోక.

కొండ భాషల దగ్గరా ఇదే కథ. షుల్జ్ అనే మిషనరీ 1911లో కువి వ్యాకరణం, 1913లో పదకోశం మద్రాసులో అచ్చు వేయించాడు. మిషన్ డబ్బు అన్నాక దురుద్దేశమే అనేవాళ్ళు, తమ బల్ల మీది బ్రౌన్ నిఘంటువు 1852లో మద్రాసు క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ముద్రణాలయంలో అచ్చయిందని గుర్తుంచుకుంటే మంచిది. అయితే డాలర్లు లేనిదే ఇలాంటి పని జరగదనే మనవాళ్ళకు కూడా ఒక పేరు చెప్పాలి, గిడుగు రామమూర్తి. పర్లాకిమిడి బడిపంతులు. తానే సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. దాని వెనక ఏ మిషనూ లేదు.

విరాళం అంటే తెల్లవాడి చేతిలోంచి మన చేతిలోకి అని ఎవరు చెప్పారు? 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ చందాలతో జాన్ రంగయ్యను నెల్లూరు సీమ నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. అక్కడి చెరకు, తేయాకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ మధ్య ఆయన పనిచేశాడు. వాళ్ళు పంపింది తెలుగు మాట్లాడే మనిషిని. ఆ తెలివి మనకెప్పుడు పోయిందో!

ఇప్పుడు విదేశీ విరాళాల చట్టం కూడా బిగిసింది. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దిగాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. బెదిరిపోయిన సంస్థలు లెక్కకు తేలికైన దారి పట్టాయని నా అనుమానం. ప్రెస్సు బిల్లుంటుంది, ప్రతుల సంఖ్య ఉంటుంది, జీపు ఫొటో ఉంటుంది. అవ్వ పక్కన నెలరోజులు కూర్చుని ఒక్క ఉపమానాన్ని కువిలో చెప్పించుకున్నదానికి రసీదు ఎలా రాస్తారు?

కానీ ఆ పనికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. 2004 ప్రాంతంలో ప్రభుత్వమే కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితోనే, బడి వాచకాలు వేసింది. సంతలో చూసిన ఆ పిల్ల తన భాషను మన అక్షరాల్లో రాయగలదు. చదవలేని అవ్వకు వినిపించవచ్చు. జాయ్ రిడర్‌హాఫ్ అనే అమెరికన్ మిషనరీ 1939లోనే లాస్ ఏంజలెస్‌లో గ్రామఫోన్ రికార్డులతో ఆ పని మొదలుపెట్టింది. ఇవాళ దానికి ఒక ఫోను చాలు.

నిరుడు మా సంఘం కమిటీలో ఇదే అన్నాను. ఈసారి కట్టలు మానేసి, ఆ డబ్బు కువి చదువుకున్న ఇద్దరు పిల్లలకు ఏడాది జీతంగా ఇద్దాం, ఏం రాయాలో వాళ్ళ ఊరివాళ్ళే చెబుతారు అని. పెద్దాయన అద్దాలు తుడుచుకుని, "ప్రతులు ఎన్నవుతాయి బాబూ?" అన్నారు. మొదటి ఏడాది ఒక్కటీ కావండీ అన్నాను. విషయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. క్రిస్మస్ ముందు మళ్ళీ జీపు వెళ్ళింది.